తెల్లబోయిన సైన్యం

“నా సైన్యం మీద పౌడరు చల్లిందెవరు?”

డ్రైవరు కేక వంటింటి దాకా వినిపించింది. పెళ్ళాం చేతిలో తడిచొక్కాతోనే వచ్చి చూసింది. అట్టపెట్టె మూతలో నలభైమంది బొమ్మ సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడు బొటనవేలంత. నిన్నటిదాకా ఎర్రకోట్లతో మిలమిలలాడినవాళ్ళు, ఇవాళ సున్నం గోలెంలో ముంచి తీసినట్టున్నారు.

“పౌడరు చల్లడానికి నాకింకేం పనిలేదా? పొద్దున్నే మీరేగా ఆ డబ్బాతో బుస్సుమనిపించారు.”

“అది వార్నిష్షే! రంగు ఊడకుండా పైన కొట్టేది. గాజులా ఉండాలి. తెల్లగా ఎందుకవుతుంది?”

“మూడ్రోజులుగా ముసురు. ఈ చొక్కాలే ఆరి చావట్లేదు, మీ బొమ్మలు ఆరతాయా? చెమ్మలో కొట్టొద్దని చెప్పాను.”

“చెప్పలేదు.”

“చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

అన్నాడు. గుర్తొచ్చింది. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

ఆర్నెల్ల పని అది. డ్యూటీ దిగొచ్చి, బస్సు స్టీరింగు పట్టిన చేతుల్లో వణుకు తగ్గేదాకా కూర్చుని, రెండు వెంట్రుకల కుంచెతో ఒక్కో కోటుకు ఆరేసి గుండీలు పెట్టాడు. ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే గుండీలు కనిపిస్తున్నాయి. ఆరగానే మళ్ళీ తెలుపు. గుడ్డ విసిరికొట్టాడు. అది పెళ్ళాం కాళ్ళ దగ్గర పడింది.

“నా మీదెందుకు?” అంది ఆవిడ.

మధ్యాహ్నమే పోటీ. బల్ల మీద బొమ్మల యుద్ధం ఆడే క్లబ్బులో, ఎవరి సైన్యానికి రంగులు బాగా కుదిరాయో చూసి కప్పు ఇస్తారు. మూడేళ్ళుగా కప్పు బామ్మర్దికే వెళుతోంది. మూడేళ్ళుగా వాడు భోజనానికి వచ్చినప్పుడల్లా అన్నంతో పాటు ఆ కప్పు మాట కూడా మింగాల్సి వస్తోంది.

అనుకుంటుండగానే బామ్మర్ది తన పెట్టె చంకన పెట్టుకుని దిగాడు. బావ సైన్యం వైపు వంగి చూశాడు.

“ఏంటి బావా, పిండిమర మీద దండెత్తారా?”

“నోర్ముయ్. నేను రావట్లేదు.”

“రాకపోతే ఇంకో ఏడాది వీడి నోటికి జవాబు మీరే చెప్పుకోవాలి,” అంది పెళ్ళాం. “పదండి, నేనూ వస్తాను.”

క్లబ్బు హాల్లో పొడుగాటి బల్ల. ఎవరి కంటా పడకుండా డ్రైవరు ఓ చివర తన నలభైమందినీ పెట్టాడు. పెళ్ళాం తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని గొడుగు దులుపుకుంటోంది.

జడ్జి పెద్దాయన, చేతిలో భూతద్దం. బామ్మర్ది సైన్యం చూసి, “బాగుంది, పోయినేడులాగే,” అని కదిలాడు. చివరికొచ్చి ఆగాడు. వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. డ్రైవరు చెవులు వేడెక్కాయి.

“పొగమంచులో నడిచొస్తున్న దండు!” అన్నాడు పెద్దాయన లేస్తూ. “ఇన్నేళ్ళలో మంచు ఇంత సహజంగా తెచ్చినవాణ్ణి చూళ్ళేదు. ఎలా తెచ్చారు?”

డ్రైవరు ఓరగా చూశాడు. పక్కనే బామ్మర్ది గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు.

“అదో... కిటుకండీ.”

“నా వరకైతే కప్పు మీదే. రెండో జడ్జి వానలో చిక్కుకున్నారు. అరగంటలో వస్తారు, ఆయనా చూస్తే రాసేస్తాం.”

పెళ్ళానికి చెబుదామని చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. బామ్మర్దీ కనబడలేదు. ఎక్కడో ఏడుస్తుంటాడు, ఏడవనీ అనుకుని బయటికి నడిచాడు. వరసగా రెండు టీలు తాగాడు. పొద్దుటినుంచి నోటికి రుచి తగిలింది అప్పుడే. పాపం, దాన్ని ఊరికే తిట్టానని మూడో టీ పట్టుకుని లోపలికొచ్చాడు.

పెళ్ళాం బల్ల దగ్గరే ఉంది. చీరచెంగుకు వేళ్ళు తుడుచుకుంటోంది.

“పొద్దుటినుంచి మొహం గంటు పెట్టుకు తిరుగుతున్నారు. ఇప్పుడు చూడండి!”

నలభై ఎర్రకోట్లు నిగనిగలాడుతున్నాయి. గుండీలు లెక్కపెట్టుకోవచ్చు.

“దూదితో కాస్త నూనె అద్దితే తెల్లదనం పోతుందట. ఒక్కణ్ణీ వదల్లేదు,” అంది.

టీ ఒలికి చేతి మీద పడింది. కాలుతున్నట్టు తెలియలేదు. గుమ్మంలో ఇద్దరు జడ్జీలూ చెప్పులు విడుస్తున్నారు.

“ఎవరు చెప్పారే నీకు?”

“ఇంకెవరు, మా తమ్ముడే! నూనె సీసా వాడే తెచ్చాడు. పాపం, సగంమందిని వాడే కూర్చుని తుడిచాడు కూడానూ!”