సిమెంటు మెత్తిన గోడ

"తాడు దాటి రాకండి పెద్దాయనా!"

పరంజా మీద నుంచి ఆమె కేక వేసింది.

ముసలాయన అక్కడే ఆగిపోయాడు.

సముద్రం ఒడ్డున ఎన్నో ఏళ్ల క్రితం తవ్వకాల్లో బయటపడిన ఆ పాతకాలపు సున్నపురాయి గోడను బాగుచేసే పని ఆమెది. ఉప్పుగాలికి రాళ్లు పొరలు పొరలుగా రాలిపోతున్నాయి.

"ఎందుకమ్మా అలా రాలుతోంది?" అడిగాడాయన.

"ఎవరో మహానుభావుడు సందుల్లో సిమెంటు కూరాడు. లోపలి తడికి వేరే దారి లేక రాళ్లలోంచి బయటికొస్తోంది. దాంతో వచ్చే ఉప్పు రాయిని తినేస్తోంది. వాడు గానీ నాకు దొరికితే ఇదే సిమెంటు వాడి నెత్తిన మెత్తుతా."

మేస్త్రి పగలబడి నవ్వాడు.

ముసలాయన కూడా నవ్వాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. తాడు అవతల నిలబడి, ఉలిదెబ్బకు ఊడిపడే సిమెంటు పెచ్చుల్ని చూస్తూ ఉండేవాడు.

"మీకు వేరే పనీపాటా లేదా తాతగారూ?"

"రిటైరయ్యానమ్మా. అవునుగానీ, ఇదంతా తీసేస్తే గోడ పడిపోదూ?"

"పడదు. తీసిన చోటల్లా సున్నం పెట్టుకుంటూ వస్తున్నాంగా. ఇక చాలా ఏళ్లు దీనికి ఢోకా లేదు."

"అయితే తీసెయ్యండి" అన్నాడు, ఆమె తన అనుమతి అడిగినట్టు.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్కసారి గోడ మీద చెయ్యి వేసి చూడనా?" అన్నాడు మళ్లీ.

"వద్దు. ముట్టుకుంటే పొడి రాలుతుంది. పైగా మీతో కబుర్లు చెబుతుంటే మా పని సాగట్లేదు. అంతా పూర్తయ్యాక అందరితోపాటు వచ్చి చూడండి."

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

పని ముగింపుకొచ్చాక పురావస్తు శాఖ పెద్దాఫీసరు వచ్చాడు. గోడ వెంట ఆ చివరిదాకా నడిచాడు.

"బాగా కుదిరిందమ్మా. ఆయన చూసుంటే సంతోషించేవాడు. మొన్ననే కన్నుమూశాడు, పాపం."

"ఎవరు సార్?"

"ఇక్కడ వాచ్‌మన్‌గా చేసినాయన. రోజూ వచ్చి చూస్తున్నానని నాతో అన్నాడే. మీకు చెప్పలేదా?"

ఆమె చేతిలోని తాపీ కింద పెట్టింది.

"ఏమీ చెప్పలేదు సార్."

"చెప్పుకునే రకం కాదులే. అప్పట్లో పెద్ద తుపానొచ్చి గోడ కింద మట్టి కోసుకుపోతుంటే, కట్టుకుంటున్న సొంతిల్లు మధ్యలో వదిలేసి, ఆ సిమెంటంతా మోసుకొచ్చి దీన్ని నిలబెట్టాడు. ఆ ఇల్లు మాత్రం మళ్లీ కట్టుకోలేకపోయాడు."