మోకాళ్ళావిడ చెప్పిన హోటలు

మంచం మీది తడి తువ్వాలు తీసి ఆమె బాల్కనీ తీగ మీద ఆరేసింది. తువ్వాలు భర్తది. దుప్పటి మీది తడి మరక మాత్రం ఆమె పడుకునే వైపుది. పద్దెనిమిదేళ్ళుగా అంతే.

"ఏమండీ, మోకాళ్ళావిడ ఇంకా ఏం రాసిందో వింటారా?" అంది లోపలికొస్తూ.

"మళ్ళీ ఆవిడేనా!" వెనక గదిలోంచి భర్త గొంతు.

ఆ పేరు ఆమె పెట్టిందే. హోటళ్ళలో దిగినవాళ్ళు బాగోగులు రాసే వెబ్‌సైటు ఒకటుంది. అందులో నది ఒడ్డు హోటలు కింద ఉన్న పెద్ద రాత, మోకాళ్ళ నొప్పితో మొదలవుతుంది. కింద పేరు లేదు. అందుకని మోకాళ్ళావిడ.

యూరప్‌లో ఒక పాత నగరం. మూడు రాత్రులు. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఆమె పనిచేసే దర్జీ దుకాణం ఏడాదికి ఒక్క వారం మూస్తారు. శుక్రవారంలోగా గది ఖాయం చేసుకోకపోతే ఈ ఏడూ పోయినట్టే. నిరుడు ఆయన పాస్‌పోర్టు కనబడలేదు. అంతకుముందు ఏడు ఆయన నడుం పట్టేసింది.

భర్తకు గడప దాటడం గిట్టదు. ఏదో కంపెనీకి ఇంట్లోంచే రాతపని చేస్తాడు. ఏం రాస్తారని అడిగితే "ఉత్తరాలు" అంటాడు.

ఆమె ఒడిలో ఒక కోటు పెట్టుకుని, దాని చేతుల కుట్లు విప్పుతూ, పక్కన ఫోను పెట్టుకుని చదివింది.

"'నా కుడి మోకాలు మెట్లెక్కనివ్వదు. లిఫ్టులో కూర్చోడానికి కుర్చీ కూడా వేశారు.' విన్నారా? ఆవిడకూ నాలాగే కుడి మోకాలే."

"మనిషికి ఉన్నవే రెండు. ఏదో ఒకటి అవుతుందిగా."

"'మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తే, గది సర్దే అమ్మాయి నవ్వుతూ ఆరేసింది.' పాపం, ఆవిడకూ అదే ఖర్మ. మా సొంత అక్కకు కూడా నా కష్టం ఇంతలా తెలియదండీ."

వెనక గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

"స్టేషను పక్క హోటలు చూడరాదూ?" అన్నాడతను గుమ్మంలోకొచ్చి.

"దాని గురించి ఆవిడేమీ రాయలేదు."

"ఆవిడ మాట వేదమా? ఊరూ పేరూ లేని మనిషి. అక్కడ లిఫ్టే ఉండకపోవచ్చు."

"ఆవిడ ఎక్కింది కదండీ?"

 అతను ఆమె ఒడిలోని కోటు వంక చూసి మాట మార్చాడు.

"ఇది ఎవరిది?"

కాలరుకు గుచ్చిన చీటీ చూపించింది. దుకాణంలో వచ్చిన ప్రతి బట్టకూ పేరు రాసిన చీటీ ఒకటి గుండుసూదితో గుచ్చుతారు. ఎవరిది వాళ్ళకే చేరాలి.

"బ్యాంకాయనది. మొదట్లో దీన్ని మా దుకాణంలో ముసలాయనే కుట్టాడు."

"ఆయన పేరు కూడా రాసుందా?"

"రాయాలా ఏమిటి? కుట్టు చూస్తే చెయ్యి తెలియదూ!"

మర్నాడు ఆమె ఆ వెబ్‌సైటులోనే మోకాళ్ళావిడకు ఒక ప్రశ్న పంపింది. 'అమ్మా, కిటికీలోంచి నది నిజంగా కనిపిస్తుందా?' జవాబు పావుగంటలో వచ్చింది. ఫోను పట్టుకుని వెనక గది గుమ్మం దగ్గర నిలబడి చదివింది.

"'ఈమధ్య ఆ హోటలు పాడైపోయిందని విన్నాను చెల్లీ. వేరేది చూసుకో. అసలు ఈ కాలంలో ప్రయాణాలు ఆరోగ్యానికి మంచివి కావు.'"

"చూశావా!" భర్త కుర్చీలోంచి లేచాడు. "అనుభవం మీద చెప్పింది. పెద్దల మాట వినాలి."

"నిన్నటిదాకా ఊరూ పేరూ లేని మనిషన్నారు?"

"మంచి చెప్పినప్పుడు పేరెందుకు?"

"అదీ నిజమే," అంది ఆమె.

గురువారం సాయంత్రం అతనికి టీ ఇస్తూ చెప్పింది. "గది ఖాయం చేశానండీ."

 "ఏ హోటలు?"

"లిఫ్టు ఉన్నది."

అంతకంటే అతను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. పాస్‌పోర్టు మాత్రం ఈసారి కనబడకుండా పోవడానికి వీల్లేకుండా, తనే తీసి అతని బల్ల మీద పెట్టింది.

ప్రయాణం రోజు ఉదయానికి నడుం పట్టేయలేదు. పట్టేస్తుందేమోనని ఒకటి రెండుసార్లు వంగి చూశాడు. ఫలితం లేదు. చివరికి స్నానం చేసి, తువ్వాలు మంచం మీద పడేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లోకొచ్చాడు. తలుపు దగ్గర పెట్టె ఒక్కటే ఉంది.

"ఇద్దరికీ ఇదొక్కటేనా?"

"మూడు రాత్రులకు ఎన్ని కావాలి?"

కింద టాక్సీ హారను మోగింది. అతను బూట్ల లేసులు కట్టుకోవడానికి కూర్చున్నాడు. ఆమె పడకగదిలోకి వెళ్ళి మంచం మీది తువ్వాలు వంక కాసేపు చూసింది. దాన్ని అక్కడే వదిలేసింది. పెట్టె తీసుకుని, కుడి కాలు కాస్త ఈడుస్తూ గడప దాటింది.

"ఉండు, వస్తున్నా," అంటూ అతను మేకుకు వేలాడుతున్న తన కోటు లాగాడు. వేలికి గుండుసూది గుచ్చుకుంది.

కాలరుకు ఉన్న చీటీ మీద ఆమె గుండ్రటి చేతిరాత: 'మోకాళ్ళావిడ గారికి, మీరెలాగూ అక్కడ ఉండి చూసొచ్చి రాశారు కదా అని, టికెట్టు నా ఒక్కదానికే తీశాను.'