నీళ్ల మీద పచ్చ మీగడ

"నా గొర్లకు విషం పెట్టినోడు వీడే," అంటూ నరసింహ, ఓబుళేశు చొక్కా పట్టుకున్నాడు.

బేతంచెర్ల శివార్లలో బండలు తీసి వదిలేసిన క్వారీ గొయ్యి అది. 2008 చివర్లో వచ్చిన తుపాను వానకు నిండి పన్నెండు రోజులైంది. మొదట ఎర్రటి బురదగా ఉన్న నీళ్లు ఇప్పుడు ఎవరో రంగు డబ్బా బోర్లించినట్టు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. ఒడ్డున ఆరు గొర్రెలు కాళ్లు చాచి పడి ఉన్నాయి. నరసింహకు గొర్రెలంటే ప్రాణం. ఏడుపొచ్చినప్పుడల్లా దాన్ని కోపంగా మార్చుకోవడం అతని అలవాటు.

"నేనేం పెట్టలేదప్పా," అన్నాడు ఓబుళేశు. "నా ఎద్దులు గూడా ఈ నీళ్లే తాగుతాయి గదా."

"మరి నీ ఎద్దులు చావలేదేమి?"

"రంగు మారినాయని మూడు దినాల నుంచి బోరు కాడికి తోలుకపోతాండా."

"చూసినావా పాపా, వీనికి ముందే తెలుసు." నరసింహ రెండో చేత్తో జేబులోంచి అర్జీ కాగితం తీశాడు. "స్టేషనుకు పోతాండా. ఇంగ నీ మాటలేవో ఎస్సైకి చెప్పుకో."

ఓబుళేశు ముఖం పాలిపోయింది. యాభై ఏళ్ల బతుకులో అతను స్టేషను గడప తొక్కి ఎరగడు.

నరసింహ పిలిచిన పాప అతని కూతురు యామిని. కోస్తాలో చేపల పెంపకం చదువుతోంది. తాగడానికి నీళ్లు లేని ఊళ్లో పుట్టి చేపల చదువేమిటని ఊరంతా నవ్వినా వినకుండా వెళ్లింది. తుపానుకు సెలవులిస్తే ఇంటికొచ్చింది. గొర్రెలు పోయినందుకు ఆ అమ్మాయికీ బాధగానే ఉంది గానీ, కళ్లు మాత్రం నీళ్ల మీదనుంచి కదలడం లేదు.

"నాయనా, ఒక్క నిమిషం. ఇది చూడు."

పొద్దున్నే తను గోతిలో ముంచి గట్టు మీద కదపకుండా పెట్టిన ఊరగాయ సీసాను చూపించింది. అడుగున నీళ్లు తేటగా ఉన్నాయి. పచ్చదనమంతా పైకి తేలి మీగడ కట్టింది.

"పురుగుమందయితే నీళ్లలో కలిసిపోయేది. ఇది ఎండ కోసం దానంతటదే పైకొచ్చింది. పాచి నాయనా, ప్రాణమున్నది. విషం ఇదే కక్కుతాది."

నరసింహ పట్టు కొంచెం సడలింది. "పాచికి గొర్లు చస్తాయా?"

"సముద్రంలో చేపలే చస్తాండాయి. పోయినేడు తుపానప్పుడు మా కాలేజీ పక్కన ఏమైందనుకుంటివి? కాలువలన్నీ చేలల్లో ఎరువు కడిగి సముద్రంలోకి తోసేసినాయి. గాలికి అడుగునుండే ఒండ్రంతా పైకి లేచింది. తర్వాత వారం బాగా ఎండ కాసింది, అలల్లేవు. పాచికి ఇంకేం కావాల? తీరమంతా పచ్చగా తిరిగిపోయి, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి. ఆడ జాలర్లకు తుపాను కంటే, దాని వెనకాల వచ్చే ఎండలంటేనే భయం."

"ఆ సముద్రం యాడ, ఈ గొయ్యి యాడ," అన్నాడు ఓబుళేశు, తన చొక్కా ఇంకా ఎవరి చేతిలో ఉందో మరిచిపోయి.

"పాచికి రెండూ ఒకటే మామా. కాకపోతే ఒట్టి వాన నీళ్లకు ఇంత పాచి పుట్టదు. దీనికి శానా ఎరువు అందినాది. ఎవరిదనేదే నాకు అంతు చిక్కలా."

"చిక్కకపోయేదేముండాది?" నరసింహ మళ్లీ చొక్కా బిగించాడు. "పైనుండేది వీని శెనగ చేను. వీని ఎరువే కొట్టుకొచ్చినాది. విషం పోస్తేనేమి, ఎరువు పోస్తేనేమి? నా గొర్లను చంపింది వీడే."

ఓబుళేశు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. "పైకి రాండప్పా. చూసినాక స్టేషనుకు నేనే వస్తా."

నరసింహ పట్టు వదలలేదు. ముగ్గురూ అట్లాగే పైకెక్కారు. చేను చుట్టూ గట్టు ఎక్కడా తెగలేదు. శెనగ మొక్కలు జానెడు కూడా ఎదగక పసుపు రంగులో వేలాడుతున్నాయి.

"ఎరువు పడిన చేను ఇట్లుంటాదా అమ్మీ?" అన్నాడు ఓబుళేశు. "ఏటా విత్తనం వేయకముందు మీ నాయన పది రాత్రులు గొర్ల మందను ఈ చేలో పండబెడ్తాండె. ఆ పెంటికలే దీనికి బలం. దసరాకు గట్టు కాడ మాటామాటా వచ్చినాది. ఈ ఏడు మంద రాలా."

నరసింహ గట్టు వైపు చూపు తిప్పుకున్నాడు.

"దిగేటప్పుడు ఇట్లా బండ మీదుగా పోదాం," అన్నాడు ఓబుళేశు.

చేనికీ గోతికీ మధ్య గడ్డిపోచ కూడా మొలవని బండ పరుపు ఉంది. యామిని నాలుగడుగులు వేసి ఠక్కున కూర్చుంది. నెర్రెల్లో వేలు పెట్టి కెలికింది. అరచేతి నిండా నల్లటి గొర్రె పెంటికలు. అవి కొట్టుకుపోయిన చార ఒకటి బండ మీదుగా తిన్నగా గోతిలోకి దిగి ఉంది.

"దొరికింది నాయనా!" ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "గంపల కొద్దీ ఉండుంటాయి. వాన అంతా కడిగి గోతిలో పోసినాది. కానీ ఒక్కటి అర్థం కాలా. ఇంత మంచి ఎరువు వృథాగా పోయేట్టు, ఈ బండ మీద మంద పండబెట్టిన పిచ్చోడెవరు?"

నరసింహ చేతిలోంచి ఓబుళేశు చొక్కా జారిపోయింది. కింద పడి ఉన్న ఆరు గొర్రెల వైపు చూశాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. అర్జీ కాగితాన్ని పిడికిట్లో నలిపేశాడు.

"నేనే పాపా," అన్నాడు. "వీని చేనికి ఒక్క పెంటిక గూడా దక్కగూడదని."