పదకొండు ఒకట్లు

"గెలిచింది మీరేనండి, యెహెజ్కేలు గారూ. ఆ సంఖ్య విరిగింది."

మొగల్తూరులో పడవ దిగి తిన్నగా ఆ ఇంటికే వచ్చిన జ్ఞానప్రకాశం, అరుగు మీద కూర్చోకుండానే ఆ మాట అనేశాడు. సంచిలోంచి పలక తీసి చూపించాడు. పైన వరసగా పదకొండు ఒకట్లు: 11111111111. కింద 21649, 513239.

"ఈ రెంటినీ హెచ్చవేస్తే సరిగ్గా అదే వస్తోంది."

యెహెజ్కేలు పలక అందుకోలేదు. "కూర్చోండి," అన్నాడు.

"కూర్చోడానికి మొహం చెల్లడం లేదండి. రాజమండ్రి బడిలో మనిద్దరం పంతుళ్ళుగా ఉన్నప్పుడు, ఒకటీ, అదీ తప్ప దాన్ని ఏ సంఖ్యా నిశ్శేషంగా భాగించలేదని నేను, ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందని మీరు. ఆ పంతంలోనే, మీరు మా చెల్లెలు దేవకుమారిని అడగడానికి వస్తే, ముందు దాన్ని విరగ్గొట్టుకు రండి, అప్పుడు పిల్లనిస్తానని తలుపేశాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు మీరు సరేనంటే..."

లోపల్నుంచి ఒకావిడ మజ్జిగ చెంబు పట్టుకొచ్చింది.

"మా ఇంటావిడండి, సంపూర్ణమ్మ," అన్నాడు యెహెజ్కేలు.

జ్ఞానప్రకాశం చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు. దారి పొడుగునా పడవలో కూర్చుకున్న మాటలేవీ ఇక పనికిరావు.

ఆవిడ లోపలికి వెళ్ళాక యెహెజ్కేలు గొంతు తగ్గించాడు. "ఆ రెండు సంఖ్యలూ నాకు తెలుసండి. మీ ఊరు వదిలిన రెండో ఏడే దొరికాయి."

"అంత తొందరగా ఎలాగండీ?"

"ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్యలు తప్ప ఇంకేవీ దాన్ని భాగించలేవు. అది తెలిశాక తక్కినవన్నీ వదిలేశాను. ఏంటి, మీరు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారా?"

జ్ఞానప్రకాశం చెంబు అరుగు మీద పెట్టాడు. "మరి చెప్పడానికి రాలేదేం?" అన్నాడు.

"వచ్చానండి. మీ గుమ్మం ముందు కొబ్బరాకుల పందిరి, సన్నాయి మేళం. పెళ్ళవుతున్న ఇంట్లోకి ఈ లెక్క పట్టుకుని ఏ మొహంతో వస్తాను? వీధి మొదట్లోంచే తిరిగొచ్చేశాను. ఆ మరుసటేడు మా వాళ్ళు ఈ సంబంధం చూశారు."

లోపల సంపూర్ణమ్మ ఎవరో పిల్లల్ని కేకలేస్తోంది. యెహెజ్కేలు అటు ఓసారి చూసి, మొహమాటంగా అడిగాడు. "దేవకుమారి గారు సుఖంగా ఉన్నారా అండీ? పిల్లలెంతమంది?"

జ్ఞానప్రకాశం పలక సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ పెళ్ళి నాదండి," అన్నాడు. "దేవకుమారి ఎవర్నీ చేసుకోలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ ఈ లెక్క కట్టింది తనే."