ఇయ్యాల ఎన్నింటికి?

జాబితాలో ముప్పై తొమ్మిది పేర్లు సరిపోయాయి. నలభయ్యోది చచ్చిపోయిన మనిషిది.

ఆ సంగతి అశ్వినికి అప్పటికింకా తెలియదు.

ఆమెది సూర్యాపేట. కోదాడలో సున్నపురాయి కంపెనీ ఆఫీసులో చేరి ఇరవై రోజులైంది. ఇన్నాళ్లూ కంపెనీ ఫైళ్లు తలుపుల్లేని ఇల్లు. లింక్ చేతికొస్తే చాలు, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. పేరున్న వాళ్లకే ఫైలు. ఊరూ పేరూ తేలనివాళ్లను తీసేయడం అశ్విని పని. నెలాఖరుకు ‘బయటివారు’ అన్న చోట సున్నా కనిపిస్తే ఆమె ఉద్యోగం ఖాయం.

"సార్, ఈ జానయ్య ఎవరు?"

మేనేజర్ కృష్ణమూర్తి టీ తాగుతున్నాడు.

"మేళ్లచెరువు క్వారీలో ఎర్రజెండా పట్టుకునేవాడమ్మా. బ్లాస్టింగ్ అప్పుడు పడమటి దారిలో జనాన్ని ఆపేవాడు. షుగరొచ్చి పోయాడు. రెండేళ్లయింది."

"నిన్న పదకొండింటికి ఫైలు తెరిచిండు సార్."

టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది.

అది బ్లాస్టింగ్ ఫైలు. ఆ రోజు క్వారీలో రాళ్లు ఎన్ని గంటలకు పేలుస్తారో అందులో రాస్తారు. టైము రోజూ మారుతుంది.

అశ్విని పాత వివరాలన్నీ బయటికి తీసింది. బతికున్నన్నాళ్లూ జానయ్య రోజూ పదకొండింటికి ఆ ఫైలు చూశాడు. పోయాక పన్నెండు రోజులు చూడలేదు. పదమూడో రోజు నుంచి మళ్లీ చూస్తున్నాడు. ఒక్క ఆదివారాలే సెలవు.

కృష్ణమూర్తి తేదీ చూసి గ్లాసు కింద పెట్టాడు.

"దినాలయిన మర్నాడు ఇది. ఆ భోజనానికి నేనూ వెళ్లాను."



"ఆయన జాగల ఇప్పుడు ఎవరున్నరు సార్?"

"ఎవరూ లేరు. మట్టిగుట్ట అడ్డమొచ్చి సైరన్ అటు వినపడదని అప్పట్లో ఆయన్ని పెట్టాం. దినాలయ్యే దాకా వేరే మనిషిని పెట్టి, ఆ తర్వాత నెల రోజులు కెమెరాలో చూశాం. బ్లాస్టింగ్ వేళకి ఆ దారిన పురుగు కూడా రాదు. ఇంకెందుకమ్మా కావలి, దండగ!"

"మరి పేరు తీసెయ్యాల్నా?"

"ముందు ఆ పని చూడు తల్లీ."

తీసేసింది.

మర్నాడు సరిగ్గా పదకొండింటికి తెర మీద చిన్న గడి వెలిగింది.

జానయ్య అనుమతి అడుగుతున్నారు.

దాని కింద ఒక మాట ఉంది. "ఇయ్యాల ఎన్నింటికి?"

అశ్విని చప్పున ‘వద్దు’ నొక్కింది. అయినా మనసాగక, పాత కాగితాల్లో ఉన్న జానయ్య నంబరుకు ఫోన్ చేసింది.

"చచ్చినోడికి ఫోన్ చేసేవాళ్లని నిన్నే చూశాను" అన్నాడు కృష్ణమూర్తి. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

అవతల ఎవరో ఫోన్ ఎత్తారు.

"హలో, కంపెనీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. ఎవరండి?"

గాలి హోరు. ఎక్కడో మేకల గంటలు. దగ్గరగా ఎవరిదో ఊపిరి.

మాట లేదు. ఫోన్ పెట్టేశారు.

రెండో రోజు పదకొండు.

"ఎన్నింటికో చెప్పు బిడ్డా."

ఆ ‘బిడ్డా’ను అశ్విని రెండుసార్లు చదివింది. తన గొంతు విన్నాడన్నమాట. తనెవరో తెలిసిపోయిందన్నమాట. భయంతో ఈసారి ‘వద్దు’ ఒక్కటే కాదు, మళ్లీ అడగకుండా ఆ పేరుకే తాళం వేసేసింది.

మూడో రోజు పదకొండు దాటింది. తెర మీద ఏమీ వెలగలేదు.

‘బయటివారు: 0’ అని చూపించింది.

"పీడ విరగడైంది" అన్నాడు కృష్ణమూర్తి. ఇద్దరికీ టీ చెప్పాడు.

టీ రాకముందే ఫోన్ మోగింది. కృష్ణమూర్తి స్పీకర్ పెట్టాడు. క్వారీ సూపర్‌వైజర్ ప్రవీణ్.

"సార్, పడమటి దారిల మనిషికి రాయి తగిలింది. పానం పోయింది."

"ఆ దారిలో మనిషా? అటు ఎవరూ రారు కదయ్యా!"

"ముసలామె సార్. పొద్దుగాల ఆరింటి సంది మలుపు అవుతల నిలబడ్డదట. వచ్చినోళ్లను వచ్చినట్టు ఆపుతనే ఉన్నదట."

"మలుపు అవతల అంటే..."

"మన కెమెరాకు గాడ అందది సార్."

కృష్ణమూర్తి కుర్చీలో కూలబడ్డాడు.

"రోజు గీ టైముకని చెప్పి ఆపుతుండెనట. మూణ్ణాళ్ల సంది టైము తెల్వదన్నదట. ఎన్నింటికో చెప్పకుంటే జనం ఎంతసేపని ఆగుతరు? గడ్డికి పోయే మోతీబాయి ఇనకుండ దాటిపోయింది. ఆమెను ఎనుకకు గుంజుకొద్దామని గీమె మలుపు దాటి ఉరికింది. గప్పుడే పేలింది సార్. మోతీబాయికి ఏం కాలే."

అశ్విని చూపు తెర మీది సున్నా దగ్గరే ఆగిపోయింది. ఆ తాళం వేసింది తన చెయ్యే. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"చేతిల మన ఎర్రజెండనే ఉంది. కొంగుల ఫోను ఉంది. చదువు రాదు సార్ ఆమెకు. ఫోన్ల మాట్లాడితే అదే రాసుకుంటదట, అదే చదివి ఇనిపిస్తదట. కంపెనీ ఫోను గద, గుంజుకపోతరని మనోళ్లకు ఎవ్వలికీ చెప్పలేదట."

"ఎవరు ప్రవీణ్ ఆమె?"

 అవతల గాలి హోరు, మేకల గంటలు.

"గోపమ్మ సార్, జానయ్య పెండ్లాం. రెండేండ్ల సంది ఆ దారిన ఎవ్వరూ రాకపోవుడు కాదు, ఆమెనే రానియ్యలేదు."