వెడల్పు స్లాట్

పటమటలోని పెళ్లి వీడియోల స్టూడియోలో, రిపేరుకి వచ్చిన వినీల సర్వర్ మూత తీసింది. సాయంత్రం రిసెప్షన్‌లో వేయాల్సిన వీడియో ఇంకా సగం కూడా కాపీ కాలేదు.

"ఎనిమిది కొత్త డిస్కులు వేయించానండీ. అయినా ఈ భానుశ్రీ పని నత్తనడకే," అన్నాడు ఓనరు హర్షవర్ధన్. ఎడిటర్ భానుశ్రీ తల వంచుకుంది.

"డిస్కులు బానే ఉన్నాయండీ," అంది వినీల. "వాటిని కలిపే కార్డే ఇరుకు స్లాట్‌లో ఉంది. ఎనిమిదింటి డేటా ఆ ఒక్క సందులోంచే రావాలి. వెడల్పు స్లాట్‌లో ఈ గేమ్స్ కార్డు ఎవరు పెట్టారు?"

హర్షవర్ధన్ గొంతు సవరించుకున్నాడు. "నేనేనండీ. మధ్యాహ్నాలు కాస్త ఆడుకుందామని."

వినీల దాన్ని తీసేసి, డిస్కుల కార్డును అక్కడ బిగించింది. పది నిమిషాల్లో వీడియో మొత్తం కాపీ అయింది.

"మూడు నెలలుగా నిన్ను ఊరికే అన్నానమ్మా," అన్నాడు హర్షవర్ధన్. "వీడియో చివర్లో నీ పేరు కూడా వెయ్యి."

భానుశ్రీ నవ్వుతూ పేరు టైప్ చేసింది. సేవ్ కావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.