మొదటి తూటా

మందూ గుండ్లూ పోసి తూటాలు నింపినవాళ్లే వాటిలో మొదటిది పేల్చాలన్నది మా చేలకాపు కట్టు. ఈసారి నింపింది నా బిడ్డ ముబషిరా, నా బంగారుతల్లి!

"ఆడపిల్ల నింపిందా? జర దూరం జరుగు భాయ్, తుపాకి పగుల్తది," అన్నాడు మాసయ్య.

"జరగ! నా బిడ్డ పక్కనే నిలబడ్త," అని ఆమె భుజానికి భుజం ఆనించాను.

ఢామ్మని మోగింది. పల్లిచేనంతా అడవిపందుల ఉరుకులు!

"ఒక్కటన్న మిగిలిందా బిడ్డా?"

"ఒక్కటి గూడ లేదబ్బా. అన్నీ వాగు దాటినయి."

సంతోషం పట్టలేక కేకేశాను: "ఏడున్నవ్ మాసయ్యా? దగ్గరికి రా, ఇంకోటి పేలుస్తది!"

నిరుడు మాసయ్య కట్టు తప్పి, తను నింపిన మొదటి తూటాను నాతో పేల్పించాడు. తుపాకి నా ముఖం మీదే పగిలింది. అప్పటినుంచి నాకు చూపు లేదు.